తార్నాకలోని తెర

మన పాఠశాలను విడిచి ఉస్మానియా విశ్వవిద్యాలయమున జేరిన మేమిరువురము 2003వ సంవత్సరమున తార్నాకలో నొక చిన్నగదిలో నుంటిమి. క్రొత్త కంప్యూటరునకు వలయు ధనమును మా తలిదండ్రులు రెండు పంటలమీద గాని కూర్చలేరు. కావున నొకరు వాడి విడిచిన యంత్రమును గొంటిమి. దాని జ్ఞాపకశక్తి 32 మెగాబైట్లు మాత్రమే. పట్టపరీక్షకు మేము వ్రాయవలసిన వ్యాసమునకు గొట్టములలోని నీటిప్రవాహమును లెక్కింపవలెను. అంతపని దానికి అలవి కాదు.

అయినను అది బొమ్మను జూపగలదు. అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున 1984లో బుట్టిన ఎక్స్ విండో పద్ధతిలో లెక్క యొకచోటను, దాని బొమ్మ వేరొకచోటను ఉండవచ్చును. ప్రయోగశాలలోని పెద్దయంత్రము లెక్కించి, ఇచట గీత గీయుము, అచట అక్షరము వ్రాయుమని తీగమీద ఆజ్ఞలంపును. మన యంత్రము వానిని తెరపై నెరవేర్చి, మనము నొక్కిన మీటలను తిరిగి విన్నవించును. ఇందొక వింత గలదు. సర్వరను పేరు ఇచట పెద్దయంత్రమునకు గాక, తెరను గాచుకొనియున్న చిన్నదానికే చెల్లును. సర్వరనగా సేవకుడే గదా!

మొదట యంత్రమును ఆటోలో నెక్కించుకొని, 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల గులాబివన్నె రాతిమేడ ముందుగా ప్రయోగశాలకు గొనిపోయి, అనుమతితో అచటి తీగకు దగిలించితిమి. ఆ తీగపై సెకనుకు పదికోట్ల బిట్లు పోవును. మా ముసలియంత్రము పెద్దదానితో సమానముగా బరుగెత్తెను.

గదికి మరలిన పిమ్మట గాని కష్టము తెలియలేదు. టెలిఫోను తీగపై సెకనుకు 56 వేల బిట్లకు మించి పోవు. అంతియే కాదు; ఈ పద్ధతిలో యంత్రములు మాటిమాటికి ప్రశ్నోత్తరములు జరుపుకొనును, జవాబు వచ్చుదాక పని నిలిచియుండును. ఒక పట్టిక తెరచుకొనులోపల టీ త్రాగి రావచ్చును. తార్ అనగా తీగ, నాకా అనగా కావలిచోటు, రెండును గలిసి తార్నాక యైనదని పెద్దలు చెప్పుదురు. ఆ పేరు మాకపుడు మిక్కిలి తగినదిగా దోచెను.

వ్యాసము నర్పించుటకు నాలుగుదినములు మిగిలియుండగా, వానరాత్రి తీగ తెగెను. తెరతో సంబంధము తెగినచో ఎక్స్ కిటికీలో నడచు ప్రోగ్రాము సామాన్యముగా తానును ఆగిపోవును. ఆరుగంటల లెక్క పోయినది. మరునాటినుండి లెక్కను కిటికీ లేకయే నడపి, ముగిసిన పిమ్మట బొమ్మను మాత్రము తెప్పించుకొంటిమి. ఇంగ్లాండులోని కేంబ్రిడ్జిలో బుట్టిన వి.ఎన్.సి. అను సాధనమును గూడ ఆ వారముననే నేర్చితిమి. అందు తెర దూరపు యంత్రములోనే యుండును గనుక తీగ తెగినను మరల వచ్చి చేరవచ్చును. వ్యాసము గడువు దినమున సాయంకాలము అర్పింపబడినది.

మరుసటి యేట మన పాఠశాలనుండియే వచ్చిన యొక తమ్ముడు ఆ గదిలో దిగెను. యంత్రమును, దాని వాడుకనుగూర్చి మేము వ్రాసియుంచిన నాలుగు పుటలను అతని కప్పగించితిమి.