తెర ఎందుకు నల్లబడుతోంది?

ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు ఒక్కసారి లెక్క వేసుకోండి. రోజుకి అది ఒళ్లువంచి పనిచేసేది ఎంతసేపు? మనం మెయిల్ చూసుకుంటున్నప్పుడు కూడా దాని సత్తాలో చాలా భాగం ఊరికే కూర్చునే ఉంటుంది. ఆ ఖాళీ సమయాన్ని పరిశోధనలకు అరువివ్వడం పాతికేళ్ల కిందటే మొదలైంది. 1999లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు ‘సెటీ ఎట్ హోమ్’ పేరుతో, అంతరిక్షం నుంచి వచ్చే రేడియో సంకేతాలను జనం కంప్యూటర్లతో జల్లెడ పట్టించారు. 2020 మార్చిలో కొత్త పని పంచడం ఆపేశారు. నేను చేరింది ‘ఫోల్డింగ్ ఎట్ హోమ్’లో. ఇది 2000లో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టింది. మన ఒంట్లో ప్రోటీన్లు ఎలా ముడుచుకుంటాయో, ఆ ముడత గతి తప్పితే ఏమవుతుందో లెక్కగట్టడం దీని పని.

మా అమ్మకి అల్జీమర్స్. ‘మీది ఏ ఊరు బాబూ?’ అని నన్నే మర్యాదగా అడుగుతుంది. డాక్టరుగారు మందులు రాస్తారు, అంతకు మించి ఆయన చేతిలో మాత్రం ఏముంది? ఈ ప్రాజెక్టు పట్టించుకునే జబ్బుల్లో అల్జీమర్స్ కూడా ఉందని చదివినప్పుడు, మా అబ్బాయి పై చదువులకు వెళ్తూ వదిలేసిన గేముల కంప్యూటర్ గుర్తొచ్చింది. దీనివల్ల అమ్మకి ఒరిగేదేమీ లేదని తెలుసు. చేతులు కట్టుకుని కూర్చోలేక పెట్టాను, అంతే.

మూడు రోజులు బాగానే నడిచింది. నాలుగో రోజు నుంచి తెర నల్లబడటం, వెంటనే తిరిగి రావడం, ‘డిస్‌ప్లే డ్రైవర్ ఆగిపోయి కోలుకుంది’ అని ఓ కబురు. ఈలోగా సగం చేసిన లెక్క గంగపాలు. రెండు సెకన్లపాటు గ్రాఫిక్స్ కార్డు బదులివ్వకపోతే విండోసే దాన్ని రీసెట్ చేస్తుందట. అంటే ఆ కబురు జ్వరం లాంటిది, జబ్బేమిటో చెప్పదు. రిపేరు షాపులో చూపిస్తే మూత కూడా తీయకుండా ‘కార్డు మార్చేయండి సార్’ అన్నారు. మా అబ్బాయి ఫోన్లో, ‘నాన్నా, ఒక్కోటే మార్చు. మార్చాక ఒక రాత్రంతా వదిలి చూడు’ అన్నాడు.

మార్చిలో విజయవాడ ఎండ సంగతి చెప్పాలా! ముందు వేడిమీదే అనుమానం. కార్డు 84 డిగ్రీలు చూపించింది. మూత తీస్తే రెక్కల మధ్య దుమ్ము దూదిలా పేరుకుని ఉంది. ఫ్యాను తిరగకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదాను. 74కి దిగింది. అయినా తెల్లవారుజామున మూడింటికి, అంత చల్లటి వేళ, మళ్లీ ఆగింది. వేడి ఒక్కటే కాదన్నమాట. కార్డుకి కరెంటు ఒకే వైరు చివరన ఉన్న రెండు ప్లగ్గులతో వెళ్తోంది. దానికి బదులు రెండు విడి వైర్లు వేశాను. కాస్త నయం. డ్రైవర్ పూర్తిగా తీసేసి మళ్లీ వేశాను. తేడా లేదు.

అసలు కిటుకు కార్డు వేగంలో ఉంది. గేములకోసం అమ్మే కార్డుల్లో చాలావాటిని కంపెనీవాళ్లే మామూలుకన్నా కాస్త వేగంగా పరుగెత్తేలా సర్ది పంపిస్తారు. గేములో ఒక చుక్క రంగు తప్పితే ఎవరికీ కనపడదు, మరుక్షణం కొత్త బొమ్మ వస్తుంది. ప్రోటీన్ లెక్క అలా కాదు. సెకనును పది కోట్ల కోట్ల ముక్కలు చేస్తే, అలాంటి రెండు మూడు ముక్కలు ఒక అడుగు. ప్రతి అడుగూ ముందు అడుగు మీద నిలబడుతుంది. ఒక్క అంకె తప్పితే ఆ తప్పు పెరుగుతూ పోయి, చివరికి పరమాణువులు ఎటో ఎగిరిపోయినట్టు తేలుతుంది. అప్పుడా పనిని రద్దుచేసి ఇంకొకరికి పంపుతారు. ‘ఐన్‌స్టీన్ ఎట్ హోమ్’ లాంటి చోట్లయితే ఒకే లెక్కను ఇద్దరికిచ్చి సరిపోల్చుకుంటారు. నన్నడిగితే, ఆగిపోయే కార్డే నయం. ఆగకుండా తప్పు చెప్పేదే ప్రమాదం.

వేగం కొంచెం తగ్గించాను. ఆ రాత్రి ఆగలేదు. పది రాత్రులు చూశాను, ఒక్కసారీ ఆగలేదు.

‘ఏమండీ, కరెంటు బిల్లు మాటేమిటి?’ అంది మా ఆవిడ. న్యాయమైన ప్రశ్న. కార్డు 150 వాట్లు తాగితే ఎనిమిది గంటలకి 1.2 యూనిట్లు, నెలకి 36. మిగతా కంప్యూటర్ ఖర్చు వేరే. కార్డు వాడే కరెంటుకి 75 శాతం దగ్గర పరిమితి పెట్టాను. పని కొద్దిగానే తగ్గింది, గదిలో వేడి బాగా తగ్గింది. ఫ్యాను చప్పుడు విని అమ్మ ఓ రాత్రి, ‘ఎవరో పని చేసుకుంటున్నారు, లైటు వెయ్యకండి’ అంది.

మా ఆవిడతో కుదిరిన ఒప్పందం ఇది: ఏప్రిల్, మే నెలల్లో సెలవు. జూన్‌లో నాలుగు చినుకులు పడ్డాక, దుమ్ము ఊది మళ్లీ మొదలుపెడతాం.