గుట్టమీద రాత్రి పరుగు

"పగలంతా ఆఫీసు, రాత్రికి పరుగా? చోద్యం కాకపోతే!" అని మీ ఇంట్లో పెద్దవాళ్ళు అనడం ఖాయం. అననివ్వండి. ఎండాకాలంలో హైదరాబాదు పగటి వేడిలో పరుగెత్తడంకన్నా ఇది తెలివైన పనే. ఎటొచ్చీ, ఒంటరిగా మాత్రం కాదు.

ఖాజాగూడ గుట్టలు చూశారా? గచ్చిబౌలి దగ్గర, అద్దాల మేడల మధ్య, ఎవరో పేర్చినట్టు ఒకదానిమీద ఒకటి నిలిచిన గ్రానైటు బండలు. వాటి వయసు సుమారు 250 కోట్ల సంవత్సరాలు! పొద్దుగుంకిన తరువాత కూడా బండమీద చెయ్యి పెడితే వెచ్చగానే వుంటుంది. పగలు తాగిన ఎండని రాయి అంత తొందరగా వదలదు. కనుక చల్లబడింది కదా అని నీళ్ళు తాగడం మానకండి. పైనుంచి ఊరి దీపాలు ముచ్చటగా వుంటాయి. ఆగి చూడండి, పరుగెత్తుతూ కాదు.

ఎందుకంటే, అక్కడి గ్రానైటు శిథిలమై, జొన్నగింజల్లాంటి మొరంగా రాలి వాలుమీద పరుచుకుని వుంటుంది. కాలు వేస్తే జర్రున జారుతుంది. దిగేటప్పుడు మోకాళ్ళు కాస్త వంచి, చిన్న చిన్న అడుగులు వెయ్యండి. అడుగు అరిగిన బూట్లు పనికిరావు.

చీకటికి కళ్ళు బాగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఎదుటివారి లైటు ఒక్కసారి కళ్ళలో పడితే అదంతా వృథా. అందుకే మాట్లాడేటప్పుడు తలలైటుని కిందికి వంచడం మర్యాద. ఇంకో చిత్రం: నుదుటిమీది లైటు మన చూపు వెళ్ళే దారినే వెళుతుంది గనక నీడలు సరిగా కనపడవు, గుంట కూడా చదునుగానే తోస్తుంది. నడుము ఎత్తున చేతిలో మరో టార్చి వుంటే గుంట గుంటలాగే కనిపిస్తుంది. రేచీకటి వున్నవాళ్ళు ముందు కళ్ళ డాక్టరుని కలవాలి.

మంచి బృందంలో ముందు ఒకరు దారి చూపుతారు, చిట్టచివర ఒకరు కాపలా వస్తారు, మలుపుల దగ్గర తలలు లెక్కపెడతారు. రాత్రిపూట అక్కడికి వెళ్ళేందుకు అనుమతి వుందో లేదో ముందే అడగండి. చేరిన రోజే మీ బి.పి., ఉబ్బసం, షుగరు సంగతి చెప్పండి. ఇన్సులిన్ వాడేవారికి పరుగు అయిన కొన్ని గంటలకి, నిద్రలో కూడా చక్కెర పడిపోవచ్చు. మీ డాక్టరుని అడిగి, జేబులో గ్లూకోజు పెట్టుకునే బయల్దేరండి. 40 దాటి, వ్యాయామం అలవాటు లేనివారు ముందు పరీక్ష చేయించుకోవాలి. గుండెల్లో బరువుగా అనిపిస్తే, నలుగురూ నవ్వుతారని దాచుకోకండి, అక్కడే ఆగిపోండి.

బండల సందుల్లో చేతులు పెట్టకండి. పాము కరిస్తే తాడు కట్టడం, గాటు పెట్టడం, నోటితో పీల్చడం, పసరు పూయడం — ఏవీ వద్దు సుమా! కరిచిన కాలుని కదలకుండా వుంచి, 108కి ఫోను చేసి, విషానికి విరుగుడు ఇంజెక్షను వున్న ఆస్పత్రికి చేర్చాలి. పాముని వెతకడం, చంపడం కూడా దండగే.

మొదటిరోజు సగం దూరం నడిచినా చాలు. అలసిపోయి మధ్యలో ఇంటికి వెళ్ళిపోవాలనిపిస్తే తప్పేమీ లేదు, కాని చెప్పి, ఒకరిని తోడు తీసుకుని వెళ్ళండి. మీరు చెప్పకుండా పోయి హాయిగా ఇంట్లో పడుకుంటే, పాపం ఆ చివరి మనిషి అర్ధరాత్రిదాకా బండలమధ్య మీ పేరు పెట్టి పిలుస్తూ తిరుగుతాడు.