రెండు ఇయర్‌ఫోన్లు, ఒక గొంతు

ఘంటసాల పాటను రెండు ఇన్-ఇయర్ మానిటర్లలో మార్చి మార్చి విని, ఇదే మేలని తేల్చేయడం తేలిక. ఆ తీర్పు చాలాసార్లు నాణ్యతది కాదు, శబ్దం హెచ్చుదే. ఒక డెసిబెల్ ఎక్కువైతే చెవి దాన్ని గట్టిదనంగా పట్టదు, తేటదనమని పొరబడుతుంది. కాబట్టి స్థాయిలు సమం చేయని పోలిక చెల్లదు. రబ్బరు టిప్ సరిగ్గా బిగియకపోతే మంద్రం జారిపోతుంది. అది పరికరం తప్పు కాదు. అసలు కిటుకు 3 కిలోహెర్ట్జ్ దగ్గరుంది. అక్కడ మన చెవి నాళమే సహజంగా శబ్దాన్ని పెంచుతుంది. ఇన్-ఇయర్ ఆ నాళాన్ని మూసేస్తుంది కనుక, పోయిన పెంపును తయారీదారే తిరిగి కలపాలి. తక్కువ కలిపితే గొంతు వెనక్కి పోతుంది, ఎక్కువైతే అరుపవుతుంది.

ధర పెరిగితే ఇవన్నీ కుదురుతాయంటారు. కానీ 2017లో ధ్వని పరిశోధకుడు జెరోయెన్ బ్రేబార్ట్ 283 హెడ్‌ఫోన్లను కొలిచి, ఫ్రీక్వెన్సీ తీరుకూ ధరకూ పొంతన లేదని చూపాడు. కొలతలకు పాటేం తెలుసునంటే, ఏది ఏదో తెలియకుండా విని చెప్పమనండి. అప్పుడు చెవి మాటే చివరిది. వేముల, పులివెందుల పల్లెలు కడప ఆకాశవాణి మీడియం వేవ్‌లో, పై ఫ్రీక్వెన్సీలు దాదాపు లేకుండానే, పాటను ప్రేమించాయి కదా? నిజమే, ఆనందానికి ఈ లెక్కలు అక్కర్లేదు. డబ్బు పెట్టి రెంటిలో ఒకటి ఎంచుకునేటప్పుడు మాత్రం కావాలి. దానికి పాత మోనో రికార్డే మంచి పరీక్ష: గొంతు సరిగ్గా తల నడుమ నిలవాలి. ఒక పక్కకు ఒరిగితే, టిప్‌లు సరిచేసినా అలాగే ఉంటే, కుడి ఎడమలు జతకుదరలేదన్నమాట.