న్యాయస్థానపు గడప

పుదుచ్చేరికి వాయవ్య దిశలో ఉన్న సేదరపేట్ నేడు పారిశ్రామికవాడగా పేరెన్నిక గన్నది. కర్మాగారాలు వెలసినంత మాత్రాన నేల తన గతాన్ని మరచిపోదు. ఆ ప్రాంతంలో ఒక పొలం హక్కును మూలం దాకా వెదుకబోతే, తాతల నాటి దస్తావేజు ఫ్రెంచి భాషలో ఎదురుకావచ్చు. దానిని చదివి విడమరచి చెప్పే న్యాయవాది దొరికితే రైతుకు సగం వ్యాజ్యం గెలిచినట్లే. ఆ ఊరి మీదుగా వెళ్ళినప్పుడల్లా, ఆ భాషలోనే తన హక్కు కోసం పోరాడిన ఒక పుదుచ్చేరి న్యాయవాది నాకు జ్ఞాపకం వస్తాడు.

ఆయన పొన్నుతంబి పిళ్ళై. భారతీయుడైన న్యాయవాది ఐరోపా తరహా బూట్లు, మేజోళ్ళు తొడుగుకొని కోర్టులో నిలబడటం ఆనాటి ఫ్రెంచి పాలకులకు సహించరాని విషయం. 1873లో ఆయన వాటితోనే న్యాయపీఠం ఎదుటికి వెళ్ళాడు. ఆక్షేపణ వచ్చింది. ఆయన తలవంచక పారిస్‌లోని అత్యున్నత న్యాయస్థానం వరకు వెళ్ళి నెగ్గాడు. పాలకుల శాసనాన్నే పాలకుల ముందు నిలిపి సమాధానం అడగడం సామాన్యమైన సాహసం కాదు.

1881 సెప్టెంబరు 21న వెలువడిన డిక్రీ, భారతీయులు తమ వంశాచార ధర్మాన్ని వదలుకొని ఫ్రెంచి పౌరస్మృతిని స్వీకరించే వీలు కల్పించింది. పొన్నుతంబి ఆ దారి పట్టి 'లా పోర్త్' అనే ఇంటిపేరు పెట్టుకున్నాడు. ఆ మాటకు 'ద్వారం' అని అర్థం. అయితే ఆ ద్వారం దాటడానికి మనిషి తన పూర్వుల ధర్మాన్నీ, పేరునూ బయటే విడిచి రావలసి వచ్చింది. సమానత్వానికి అంత మూల్యం న్యాయమేనా అన్న ప్రశ్న నన్ను నేటికీ వదలలేదు.

1954 నవంబరు 1న పాలన భారతదేశం చేతికి వచ్చింది. 1962 ఆగస్టు 16న విలీనం చట్టరీత్యా పూర్తయింది. 1968 నాటి చట్టంతో అనేక భారతీయ శాసనాలు అమలులోకి రాగా, ఫ్రెంచి న్యాయం అభ్యసించిన వకీళ్ళు మళ్ళీ విద్యార్థులు కావలసి వచ్చింది. అయినా ఆనాడు వంశాచారాన్ని త్యజించినవారి సంతతికి హిందూ వివాహ చట్టం నేటికీ వర్తించదు.

ఇప్పుడు ఎవరి పాదరక్షలనూ ఎవరూ ప్రశ్నించరు. కాని గడప ఎత్తు తగ్గిందా? చుట్టూ ఆంధ్రదేశమే ఉన్నా, యానాంలోని మన తెలుగు కక్షిదారుకు హైకోర్టు చెన్నైలోనే ఉన్నది. అర్థంకాని భాష, దూరం, ఖర్చు — ఇవన్నీ పేదవాణ్ణి వాకిటనే నిలిపివేసేవే. ఒక న్యాయవాది తన కక్షిదారుకు దస్తావేజులోని ప్రతి వాక్యాన్నీ అతని భాషలో ఓపికగా వివరించిన రోజున, ఆ గడప కొంతైనా తగ్గుతుంది. నల్లకోటు ధరించినవారికి పొన్నుతంబి విడిచిపోయిన బాధ్యత ఇదేనని నా విశ్వాసం.