రోజా వాసన, ఆకు నూనె

ప్రొద్దుటూరులో మార్గశిరం సాయంత్రాలు బయట కూర్చోడానికి బాగుంటాయి. టీ తీసుకోండి, ఒక సంగతి చెప్తాను.

పోయిన వారం పులివెందుల నుంచి మా అక్క వచ్చి బొటనవేలంత సీసా నా చేతిలో పెట్టింది. "మూత తీసి చూడబ్బీ, రోజాపూలు గుర్తుకొస్తాయి" అంది. నిజంగా రోజాలే! వాటి వెనకే నలిపిన పచ్చాకు వాసన, రవ్వంత పుదీనా చల్లదనం. జెరేనియం నూనె అది. తీసేది పువ్వు నుంచి కాదు, ఆకుల నుంచి. మొక్క పుట్టిల్లు దక్షిణాఫ్రికా. మన దేశంలో ఏర్కాడు, నీలగిరి కొండల మీద చాలాకాలంగా పెంచుతున్నారు.

టన్ను ఆకుకు ఆవిరి పట్టిస్తే వచ్చే నూనె కిలో అటూఇటూ. మిల్లీగ్రాముల్లో బంగారం తూచే మన ఊరికి ఈ లెక్క ఇట్టే అర్థమవుతుంది. ఇందులోని సిట్రొనెల్లాల్, జెరానియాల్ అనేవి రోజాలోనూ ఉంటాయి. అందుకే పూర్వం నుంచీ ఖరీదైన రోజా అత్తరులో దీన్ని కలిపేవాళ్లు. బంగారానికి గీటురాయి ఉంది. నూనె మేలిమి తేలాలంటే మాత్రం ప్రయోగశాలకు పంపాల్సిందే.

సబ్బులు, అత్తర్లు, మొహానికి రాసే క్రీములు దీని అసలు చోటు. వాసన పీలిస్తే మనసు కాస్త నెమ్మదిస్తుందని చాలామంది అంటారు, నాకూ అనిపించింది. అంతమాత్రాన నిద్రలేమికో బీపీకో ఇదే మందని అనను. దోమలు కాసేపు దగ్గరికి రావు. అయితే ఈ వాసన తొందరగా ఎగిరిపోతుంది. జమ్మలమడుగులో పెన్న ఒడ్డున ఉండే మా చిన్నాన్న వాళ్లకు దోమతెర మానొద్దని గట్టిగా చెప్పాను.

మా అక్క చేసిన పొరపాటు మీరు చేయకండి. నూనెను అట్లే మెడకు రాసుకుంది. రెండు రోజులు ఎర్రగా కంది మండింది. 30 మిల్లీలీటర్ల కొబ్బరి నూనెలో పది, పన్నెండు చుక్కలు చాలు. ముందు మోచేతి లోపలి వైపు కాస్త రాసి, ఒక రోజు ఆగి చూడండి. కడుపులోకి మాత్రం వద్దే వద్దు. పసిబిడ్డలకు రాయొద్దు, గర్భిణులు డాక్టరును అడక్కుండా వాడొద్దు.

మా బావది వేరే ఆలోచన. చీనీ తోట పక్కన ఈ మొక్క వేస్తే ఎట్లుంటుందని అడిగాడు. నాకు భయం వేసింది. అది చల్లని చోటు కోరే మొక్క. వానాకాలంలో నీళ్లు నిలిస్తే వేరు కుళ్లి చస్తుంది. గింజ కట్టదు గనక కొమ్మలు నాటే పెంచాలి. కడప ఎండలో వాటిని కాపాడటం తేలిక్కాదు.

దాని బదులు పామారోజా గడ్డి చూడమన్నాను. ఎండకు తట్టుకుంటుంది, గింజ మొలుస్తుంది, పూత మీద కోసి బట్టీలో పెడితే వచ్చే నూనెలో ముప్పాతిక వంతు దాకా జెరానియాలే. పాతకాలం వ్యాపారులు దాన్ని ఇండియన్ జెరేనియం అనే పిలిచేవారు. బొంబాయి రేవులో ఓడకెక్కి తుర్కీ దాకా పోయి, అక్కడ రోజా అత్తరులో కలిసేది. మన గడ్డికి అంత చరిత్ర ఉంటే, కొండ మొక్క కోసం బోరు నీళ్లు పారబోయడం ఎందుకు?

బావ మెత్తబడ్డాడు. హైదరాబాదు పక్కన బోడుప్పల్‌లో, ఇట్లాంటి సుగంధ మొక్కల మీద పరిశోధన చేసే సీమ్యాప్ కేంద్రంలో విచారించి వద్దామన్నాడు. ఎండాకాలంలో నారు పోస్తేనే తొలకరికి నాటుకోగలం, అందుకే సంక్రాంతి కాగానే పోతున్నాం.