డబ్లిన్ నుంచి చైనా గోడ దాకా

1962లో డబ్లిన్‌లో పాడీ మొలోనీ ‘ది చీఫ్టెన్స్’ అనే ఐరిష్ జానపద సంగీత బృందాన్ని కట్టారు. అంతకు ముందు సంగీతకర్త షాన్ ఓ రియాడా బృందంలో వాయించిన అనుభవమే ఆయన పెట్టుబడి.

మొలోనీ వాద్యం ఇలన్ పైప్స్. దాన్ని నోటితో ఊదరు. మోచేతితో తిత్తి ఆడిస్తే చంక కింది సంచిలోకి గాలి చేరుతుంది. సన్నాయికి శ్రుతిపెట్టె తోడున్నట్టు, బాణీ వెనక ఒకే నాదం ఆగకుండా మోగుతుంది. దానికి ఫిడేలు, వేణువు, టిన్ విజిల్, బౌరాన్ డప్పు జతకలిస్తే పల్లె నాట్యాల హుషారంతా కచేరీ హాలులోకి వచ్చేస్తుంది!

1975లో స్టాన్లీ కుబ్రిక్ ‘బారీ లిండన్’ సినిమా వారి బాణీలను లోకానికి వినిపించింది. 1983లో చైనా మహాకుడ్యం మీద వాయించారు. ఆరు గ్రామీలు అందుకున్నారు.

2021లో మొలోనీ కన్నుమూశారు. జానపదాన్ని పలుచన చేయకుండానే ప్రపంచ వేదిక ఎక్కించిన బృందాల్లో వీరిది ముందువరస.