కొండ దాటించే టైరు

బండి కొనేటప్పుడు మైలేజీ ఎంతని అడుగుతాం. రంగు బాగుందో లేదో చూస్తాం. సీటు మెత్తగా ఉందా అని రెండుసార్లు ఎక్కి దిగుతాం. టైరు సంగతి మాత్రం పంక్చరయ్యేదాకా పట్టించుకోం. ఊళ్లో తిరిగే బండికి అలా గడిచిపోతుందేమోగానీ, గిద్దలూరులో బయల్దేరి నల్లమల దాటాలనుకునేవారికి గడవదు. అడవి దారి అడిగే మొదటి ప్రశ్న అదే మరి... ‘టైరు ఎలా ఉంది?’

పశ్చిమ ప్రకాశం అనగానే గుర్తొచ్చే గిద్దలూరుకు ఒక ప్రత్యేకత ఉంది. తూర్పుకు తిరిగితే కంభం, వినుకొండల మీదుగా గుంటూరుకు పోయే రోడ్డు. దక్షిణానికి పోతే సగిలేరు లోయలో పోరుమామిళ్ల దారి. పడమరకు మళ్లితే దిగువమెట్ట, ఆపైన మలుపుల మీద మలుపులతో నల్లమల. మైదానం, మెట్టనేల, ఘాటు... మూడూ ఒక్క ఊరి చుట్టూ ఉన్నాయి. లద్దాఖ్ దాకా బండి మీద వెళ్లాలని కలలుగనే ఇక్కడి కుర్రాళ్లకు తొలి మజిలీ కూడా ఈ కొండే. ఘాటు దాటి, నంద్యాల మీదుగా కర్నూలు చేరితే శ్రీనగర్ - కన్యాకుమారి 44వ నంబరు జాతీయ రహదారి దొరుకుతుంది. పోనూరానూ సుమారు ఆరు వేల కిలోమీటర్లు. అంత దూరానికి ఏ టైరు మన్నుతుంది? జవాబు కోసం లద్దాఖ్ దాకా వెళ్లక్కర్లేదు. గిద్దలూరు నుంచి నల్లమలను ఒక చుట్టు చుట్టి వస్తే చాలు. నంద్యాల, ఆత్మకూరు, దోర్నాల, మార్కాపురం, కంభం... మళ్లీ గిద్దలూరు. మూడొందల కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఒక్క రోజు పరీక్ష!

పక్కగోడ మీద జాతకం

పరీక్ష బయల్దేరకముందే మొదలవుతుంది. టైరు పక్కగోడ మీద అచ్చుపోసిన అంకెలే దాని జాతకం. ఉదాహరణకు 100/90-17 55పి అని ఉందనుకోండి. వెడల్పు 100 మిల్లీమీటర్లు. అందులో 90 శాతం ఎత్తు. 17 అంగుళాల చక్రానికి సరిపోతుంది. చివరి 55 అంటే ఆ ఒక్క టైరు 218 కిలోల దాకా మోయగలదని, పి అంటే గంటకు 150 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకోగలదని అర్థం. ఇద్దరు మనుషులు, రెండు సంచులు, ఒక డేరా ఎక్కించేముందు చూడాల్సింది ఈ బరువు అంకెనే.

ఇంకో నాలుగంకెలు ఉంటాయి. 2325 అని ఉంటే 2025లో 23వ వారంలో తయారైందన్నమాట. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది. ఎండకు ఎండి, గట్టిపడి, సన్నటి పగుళ్లు పడుతుంది. కాబట్టి దుకాణంలో ఏళ్ల తరబడి మూలన పడున్న టైరును ‘కొత్తదే కదా’ అని తక్కువ ధరకు కొంటే అది బేరం కాదు, బెడద. అయిదేళ్లు దాటిన టైరును దూర ప్రయాణానికి నమ్ముకోకపోవడమే మంచిది.

అన్నట్టు, మన దగ్గర ఒక అలవాటుంది. ముందూ వెనకా ఒకే కొలత ఉన్న పాత బళ్లకు, వెనక అరిగిన టైరును తీసి ముందుకు వేయించడం. రూపాయి కలిసొస్తుంది నిజమే. కానీ బండిని తిప్పేదీ, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం మోసేదీ ముందు చక్రమే. అరిగిన టైరును అక్కడ పెట్టడమంటే ఇంటికి ముందు తలుపు తీసేసి దొడ్డి తలుపుకు తాళం వేయడమే. అరిగిన టైరుకు కత్తితో మళ్లీ గాళ్లు కోయించడం ఇంకా ప్రమాదం. ఆర్టీసీ బస్సులకు రీట్రేడింగ్ చేస్తారు కదా అంటారేమో... అది దానికోసమే పెట్టిన వర్క్‌షాపుల్లో కొత్త రబ్బరు అతికించి చేసే పని. దీనికీ దానికీ పోలిక లేదు.

ఘాటు చెప్పే పాఠం

దిగువమెట్ట దాటగానే అడవి మొదలవుతుంది. పక్కనే ఎక్కడో గుంటూరు - గుంతకల్లు రైలు మార్గం కూడా ఇదే కొండను దాటుతుంటుంది. 1880ల్లో ఇక్కడ పట్టాలు పరిచారు. దాదాపు అదే కాలంలో, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు కొడుకు మూడు చక్రాల సైకిలు కుదుపులు తగ్గించడానికి గాలి నింపిన టైరు చేశాడు. రాబర్ట్ విలియం థామ్సన్ అంతకు నాలుగు దశాబ్దాల ముందే ఆ ఆలోచనకు పేటెంట్ తీసుకున్నా, లోకానికి అలవాటు చేసింది మాత్రం డన్‌లప్ టైరే.

మలుపుల్లోకి వెళ్దాం. ఎక్కువకాలం మన్నే టైరు కావాలంటే దుకాణదారు గట్టి రబ్బరుదే ఇస్తాడు. అది నిదానంగా అరుగుతుంది. అయితే గట్టి రబ్బరు రోడ్డును అంత గట్టిగా పట్టుకోదు. మెత్తటిది పట్టుకుంటుందిగానీ త్వరగా అరిగిపోతుంది. మన్నికకూ పట్టుకూ ఎప్పుడూ పేచీయే. ఈ పేచీ తీర్చడానికే కొన్ని కంపెనీలు నడిమిభాగం గట్టిగా, అంచులు మెత్తగా ఉండే టైర్లు చేస్తున్నాయి. తిన్నటి రోడ్డు మీద మధ్యభాగం అరుగుతుంది, బండి వాలినప్పుడు అంచులు పట్టుకుంటాయి. మీ బండి కొలతలో దొరికితే దూర ప్రయాణానికి ఇదే మంచి ఎంపిక.

ఇంకో మర్మం ఉంది. వేల కిలోమీటర్లు తిన్నటి హైవే మీద పరుగెత్తిన వెనక టైరు నడుమ చదునుగా అరిగిపోతుంది. గుండ్రంగా ఉండాల్సింది పెట్టెలా తయారవుతుంది. హైవే మీద తేడా తెలియదు. ఘాటు మలుపులో బండి వాల్చగానే, చదును మీంచి అంచు మీదకు ఒక్కసారిగా దొర్లినట్టవుతుంది. అంటే ఆరు వేల కిలోమీటర్లు తిరిగొచ్చిన బండికి అసలు పరీక్ష లద్దాఖ్‌లో కాదు... ఇల్లు గంటన్నర దూరంలో ఉందనగా, అలసిపోయి దిగుతున్న ఈ నల్లమల మలుపుల్లో! అందుకే, ‘ఎన్ని వేల కిలోమీటర్లు వస్తుంది’ అని కాదు, ‘చివరి యాభై కిలోమీటర్లకు ఎలా ఉంటుంది’ అని అడగాలి.

కొత్త టైరుకూ ఒక షరతుంది. తయారీలో అంటిన నునుపు పోవడానికి వంద, నూటయాభై కిలోమీటర్లు పడుతుంది. ప్రయాణం రోజు పొద్దున టైరు వేయించుకుని నేరుగా ఘాటు ఎక్కకండి. వారం ముందే వేయించి, కంభం రోడ్డు మీద నాలుగుసార్లు నిదానంగా తిరిగి రండి. దిగేటప్పుడు వెనక బ్రేకు తొక్కిపట్టి ఉంచకుండా గేరు తగ్గించి దిగితే టైరూ మిగులుతుంది, బ్రేకూ మిగులుతుంది. ఇక తొలకరి రోజుల్లో మరింత జాగ్రత్త. వేసవంతా రోడ్డు మీద పేరుకున్న దుమ్మూ నూనే మొదటి జల్లుకు జారుడు మట్టిలా మారతాయి.

గాలే ప్రాణం

పచ్చర్ల, గాజులపల్లె దాటాక కొండ వెనకబడుతుంది. మహానంది కోనేట్లో ఒక మునక వేసి నంద్యాల చేరితే, అక్కణ్నుంచి ఆత్మకూరు దాకా బండి హాయిగా సాగుతుంది. గాలి సంగతి తేలేది ఇక్కడే. గాలి తక్కువైతే టైరు అంచులు అరుగుతాయి, పక్కగోడ పదేపదే మడతపడి వేడెక్కుతుంది. ఎక్కువైతే నడుమ అరుగుతుంది, రోడ్డు మీద ఆనే మేర తగ్గుతుంది. ఎంత ఉండాలో బండి మీది స్టిక్కరే చెబుతుంది. ఒక్కరికి ఒక అంకె, ఇద్దరికి ఇంకో అంకె. పొద్దున్నే, బండి తీయకముందు, చల్లటి టైరులోనే చూడాలి. మిట్టమధ్యాహ్నం వేడెక్కిన టైరులో అంకె పెరిగిందని గాలి తీసేస్తే, సాయంత్రానికి తక్కువైపోతుంది. నైట్రోజన్ దొరకలేదే అన్న బెంగా వద్దు. మామూలు గాలిలోనే అది 78 శాతం ఉంటుంది. జేబులో పట్టే గాలి గేజీ ఒకటి కొనుక్కుంటే అంతకు మించిన టైరు మందు లేదు.

ముల్లు, మేకు, చీకటి

ఆత్మకూరు దాటి బైర్లూటి మీదుగా దోర్నాల దారి పడితే మళ్లీ అడవే. 1983లో ప్రకటించిన నాగార్జునసాగర్ - శ్రీశైలం పులుల అభయారణ్యం ఇది. ఇక్కడ పంక్చరయితే పిలవగానే పలికే షాపు ఉండదు. చాలాచోట్ల ఫోనూ పలకదు. ఈ అడవి దారుల్లో రాత్రి రాకపోకల మీద ఆంక్షలున్నాయి కాబట్టి వేళలు ముందే కనుక్కోవాలి. అవి ఉత్తుత్తి నిబంధనలు కావు. 2024 జూన్‌లో గిద్దలూరు - నంద్యాల దారిలోని పచ్చర్ల దగ్గర చిరుత దాడిలో ఒక మహిళ ప్రాణాలు కోల్పోయింది. పొద్దువాలాక అడవిలో టైరు విప్పుకుంటూ కూర్చోవడం సాహసం కాదు.

కాబట్టి ట్యూబు ఉన్నదా, లేనిదా అన్నది ఇక్కడ ముఖ్యమైన ప్రశ్న. ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగినా గాలి మెల్లగా పోతుంది. చక్రం విప్పకుండానే మేకు లాగి, రబ్బరు పురి దూర్చి, గాలి కొట్టుకుని సాగిపోవచ్చు. ట్యూబున్న దాంట్లో గాలి ఒక్కసారిగా పోవచ్చు, చక్రం విప్పక తప్పదు. ఊచల చక్రాలున్న బళ్లలో చాలావాటికి ట్యూబు తప్పనిసరి. అలాంటివారు ముందుకొకటి, వెనక్కొకటి ట్యూబులు, టైరు విప్పే బద్దలు, చిన్న పంపు పెట్టుకోవాలి. ఇంట్లో ఒకసారి విప్పి బిగించి చూసుకోవాలి కూడా. మెట్టనేలల్లో సర్కారు తుమ్మ ముళ్ల సంగతి తెలిసిందే. గాళ్లు లోతుగా ఉన్న టైరులో రబ్బరు మందమే సగం ముళ్లను ఆపేస్తుంది. అరిగిన టైరుకు పంక్చర్లు ఎక్కువ పడేది అందుకే.

కొందరు హిమాలయాల పేరు చెప్పి గుబ్బల టైర్లు వేయిస్తారు. మట్టిలో, కంకరలో అవి భేష్. తారురోడ్డు మీద మాత్రం గుయ్యిమంటూ త్వరగా అరుగుతాయి. ఆరు వేల కిలోమీటర్లలో మట్టిదారి ఎంతో లెక్కేసుకుని నిర్ణయించుకోండి.

లెక్క చూసుకోండి

దోర్నాల నుంచి మార్కాపురం. బడిపిల్లల పలకలకు పేరుపడ్డ ఊరు. ఈ చుట్టుపక్కల మోటారు సైకిలంటే షికారు బండి కాదు. పాలక్యాన్లు, పశువుల మేత, ఇంటిల్లిపాదీ దాని మీదే. ఇలాంటి ఇంట్లో టైరుకు రెండుమూడు వేలు పెట్టడం చిన్నమాటేమీ కాదు. అందుకే ‘ఇంకో నెల నడుస్తుందిలే’ అనిపిస్తుంది. ఆ మాట అనే ముందు ఒక చిన్న లెక్క చేయండి. గాడిలో అక్కడక్కడా చిన్న దిమ్మలుంటాయి. పక్కగోడ మీది టీడబ్ల్యూఐ గుర్తుకు సూటిగా చూస్తే కనిపిస్తాయి. పైరబ్బరు అరిగి ఆ దిమ్మలతో సమానమైందంటే టైరు పని అయిపోయినట్టే.

కొత్తలో గాడి లోతు 6 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. 5 వేల కిలోమీటర్లకు 5కు దిగింది. దిమ్మ ఎత్తు 1 మిల్లీమీటరనుకుంటే ఇంకా మిగిలింది 4. అంటే ఇదే తీరున తిరిగితే మరో 20 వేలు వస్తుంది. బరువు పెరిగినా, ఎండలు ముదిరినా, వేగం హెచ్చినా లెక్క తగ్గుతుంది. కాబట్టి లద్దాఖ్‌కు ఆరు వేలు కావాలంటే, కనీసం పన్నెండు వేలు మిగిలిన టైరుతో బయల్దేరండి. ఖర్చు తగ్గించుకోవాల్సింది కొత్త టైరు వాయిదా వేసి కాదు, ఉన్న టైరును గాలితో, నిదానంతో కాపాడుకుని.

మార్కాపురం దాటాక కంభం చెరువు. గుండ్లకమ్మకు కట్టేసి విజయనగర రాజుల కాలంలో కట్టిన ఈ చెరువుకు, శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ పేరు చెబుతారు. అయిదొందల ఏళ్లుగా నిలిచిందంటే ఒక్కరోజు గట్టిగా కట్టి వదిలేసినందుకు కాదు, తరతరాలుగా కట్టను కనిపెట్టుకుని ఉన్నందుకు. టైరు విషయమూ అంతే. మన్నిక కొనుక్కుంటే వచ్చేది సగమే. మిగతా సగం చూసుకుంటే వస్తుంది.

ఇక గిద్దలూరు ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు. చుట్టు పూర్తయ్యాక బండిని నీడన ఆపి, చల్లారనిచ్చి, టైరు చుట్టూ ఒకసారి చెయ్యి తిప్పి చూడండి. ముల్లుందా, బీటుందా, ఒకవైపే అరిగిందా? ఏమీ లేకపోతే... ఇక లద్దాఖ్ ఎప్పుడో తేదీ పెట్టుకోండి!